రోబో ల్యాబ్‌లో లెక్కకు రాని పని

రోబోటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి, ప్రాజెక్టులో చేరిన జూనియర్ రిసెర్చ్ ఫెలో, పట్టా చేతికొచ్చాక ఒకటి రెండేళ్ల ఒప్పందం మీద పనిచేసే పోస్ట్‌డాక్... ముగ్గురి హోదాలు వేరైనా దినచర్య ఒకటే. పొద్దున ల్యాబ్ తలుపు తీసింది మొదలు పనంతా యంత్రం చుట్టూ తిరుగుతుంది. నిన్న రాత్రి బుద్ధిగా పనిచేసిన యంత్రం ఇవాళ కూడా పనిచేస్తుందన్న పూచీ ఉండదు. గణితంలో పరిశోధనకు కాగితం, కలం చాలు. కంప్యూటర్ సైన్సులో చాలా శాఖలకు ల్యాప్‌టాప్, ఒక సర్వర్ ఉంటే గడిచిపోతుంది. రోబోటిక్స్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సు మూడూ ఒకే బల్ల మీద కలుస్తాయి. ఏ ఒక్కటి మొరాయించినా మిగతా రెండూ ఆగిపోతాయి. మూడింటికీ ముగ్గురు నిపుణులుండే ల్యాబ్‌లు ఎక్కడైనా తక్కువే. మన దేశంలో ఆ ముగ్గురి పనీ తరచూ ఒక్కరి నెత్తినే పడుతుంది. ఆ పనిలో ఎక్కువ భాగం పేపర్‌లోనూ థీసిస్‌లోనూ ఫెలోషిప్ సమీక్షలోనూ ఎక్కడా కనిపించదు. ఈ రంగంలో తొలి అడుగులు వేస్తున్నవారి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం చేసే పనికీ లెక్కకు వచ్చే పనికీ మధ్య ఉన్న ఈ తేడాలోనే ఉంది.

ఒక మామూలు ప్రయోగాన్ని తీసుకుంటే సంగతి తెలుస్తుంది. బల్ల మీద ఉన్న కప్పును కెమెరాతో చూసి రోబో చేయి పట్టుకోవాలి. అంతకన్నా ముందు కెమెరా ఎక్కడుందో, ఏ కోణంలో చూస్తోందో చేయికి తెలియాలి. అందుకోసం నలుపు తెలుపు గళ్లున్న పలకను చేయి చివర బిగించి, రకరకాల భంగిమల్లో తిప్పుతూ ఫొటోలు తీసి, వాటి నుంచి లెక్క కడతారు. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఇందులో కోణం ఒక్క డిగ్రీ తప్పినా మీటరు దూరంలో ఉన్న వస్తువు దగ్గర తేడా 17 మిల్లీమీటర్లు దాటుతుంది. కప్పు చెవిని పట్టాల్సిన వేళ్లు పక్కనున్న గాలిని పడతాయి. కెమెరా స్టాండు మర కొద్దిగా వదులైనా, ఊడ్చడానికి వచ్చినవారి చీపురు తగిలినా క్యాలిబ్రేషన్ మళ్లీ మొదటికొస్తుంది. స్టాండు చుట్టూ నేల మీద రంగు టేపు అంటించి ‘ముట్టుకోవద్దు’ అని కాగితం తగిలించేది ఇందుకే.

తర్వాత సాఫ్ట్‌వేర్. జర్మనీలో తయారైన ఫ్రాంకా చేయి ప్రపంచవ్యాప్తంగా పరిశోధన ల్యాబ్‌లలో కనిపిస్తుంది. దాని కదలికను లోతుగా నియంత్రించాలంటే కంప్యూటర్ సెకనుకు 1,000 సార్లు ఆదేశం పంపాలి. వరసగా కొన్ని ఆదేశాలు ఆలస్యమైతే చేయి తనంతట తానే ఆగిపోతుంది. ఆ వేగం నిలబడాలంటే లైనక్స్‌లో ప్రత్యేకంగా రియల్‌టైమ్ కెర్నెల్ వేసుకోవాలి. కెమెరా చూసినదాన్ని అర్థం చేసుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కేమో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ కార్డు డ్రైవర్‌కూ ఈ కెర్నెల్‌కూ సరిగా పొసగదు. అందుకే చేయికి ఒక కంప్యూటర్, కంటికి ఇంకో కంప్యూటర్ పెట్టి, రెండింటినీ కేబుల్‌తో కలిపి, వాటి గడియారాలు ఒకే సమయం చూపేలా సరిచేసుకోవడం చాలా ల్యాబ్‌లలో ఆనవాయితీ. కొత్తగా చేరిన విద్యార్థికి ఇదంతా ఒక కొలిక్కి వచ్చేసరికి వారాలు గడుస్తాయి. పేపర్‌లో దీనికి దక్కేది ఒక్క వాక్యం.

రోబో భాగాలన్నింటి మధ్య కబుర్లు నడిపే రోబోట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ల్యాబ్‌లలో అందరూ రాస్ అంటారు. రాస్ మొదటి తరంలో చివరి విడుదలైన నోయెటిక్‌కు 2025 మేతో మద్దతు ముగిసింది. సీనియర్ రాసిపెట్టి, పట్టా తీసుకుని వెళ్లిపోయిన కోడ్ చాలాచోట్ల ఆ పాత తరానిదే. దాన్ని రెండో తరానికి మార్చాలి. రాసినవారు అందుబాటులో ఉండరు, వ్యాఖ్యలు అరకొరగా ఉంటాయి. మార్చినందుకు మెచ్చుకునేవారు లేరు. మార్చకపోతే అడుగు ముందుకు పడదు.

ఏర్పాట్లు కుదిరాక అసలు ప్రయోగాలు మొదలవుతాయి. మూడు పద్ధతులను ఐదు వస్తువులపై 20 సార్ల చొప్పున పోల్చాలంటే 300 ప్రయత్నాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా పది గంటలు. ప్రతిసారీ వస్తువును తిరిగి దాని చోట పెట్టడం, ఒక చేతిని ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ మీద ఉంచడం, ఫలితం రాసుకోవడం మనిషి పనే. నడుమ మోటారు వేడెక్కుతుంది. గ్రిప్పర్ వేళ్లకు అంటించిన రబ్బరు అరిగిపోతుంది. అరిగిన రబ్బరుతో వచ్చిన ఫలితాన్ని కొత్త రబ్బరుతో వచ్చినదాని పక్కన పెట్టకూడదు కనుక ఆ వరస మొత్తం మళ్లీ చేయాలి.

ఇంత చేసినా గణాంక శాస్త్రం కనికరించదు. 20లో 17 సార్లు నెగ్గిన పద్ధతిని 85 శాతం అని రాస్తారు. 95 శాతం విశ్వాసంతో చెప్పాలంటే దాని అసలు సామర్థ్యం 62 నుంచి 97 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 20లో 14 సార్లు నెగ్గిన పాత పద్ధతి కన్నా అది మెరుగని గట్టిగా అనడానికి ఈ అంకెలు చాలవు. చాలా పేపర్లు మాత్రం అనేస్తాయి. ఇది తెలియక కాదు. 20ని 200 చేయాలంటే పది గంటలు వంద గంటలవుతాయి, డెడ్‌లైన్ మాత్రం కదలదు. పేపర్‌తో పంపే వీడియోలో ఒక మూల ‘నాలుగు రెట్ల వేగం’ అనో ‘పది రెట్ల వేగం’ అనో చిన్న అక్షరాలు వేసేవారు నిజాయితీపరులు. ఆ అక్షరాలు లేని వీడియోలనే ఒకటికి రెండుసార్లు చూడాలి.

యంత్రానికి ఇంత చిన్న పని ఎందుకింత కష్టమన్న ప్రశ్నకు రోబో పరిశోధకుడు హాన్స్ మొరావెక్ 1980లలోనే ఒక వివరణ ఇచ్చారు. చదరంగం, తర్కం లాంటి, పెద్దలు గొప్పగా భావించే పనులను కంప్యూటర్‌కు నేర్పడం తేలిక. ఏడాది పిల్లలకు వచ్చే చూపునూ కదలికనూ నేర్పడమే కష్టమన్నారు. ఆ కష్టం లోకానికి కనిపించిన సందర్భం ఒకటుంది. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం నేపథ్యంలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిర్వహించిన పోటీ ఫైనల్స్ 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పమోనాలో జరిగాయి. తలుపు తీయబోయి, మెట్టెక్కబోయి, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా కుప్పకూలిన రోబోల దృశ్యాలు అప్పట్లో ప్రపంచాన్ని నవ్వించాయి. గెలిచిన దక్షిణ కొరియా సంస్థ కైస్ట్ రోబో పోటీలోని ఎనిమిది పనులనూ 45 నిమిషాల లోపు ముగించి 20 లక్షల డాలర్లు అందుకుంది. పడిన ప్రతి రోబో వెనకా రాత్రంతా కూర్చుని దాన్ని లేపి నిలబెట్టిన కుర్రకారు ఉన్నారు.

కిందపడినా విరగని రోబో సిమ్యులేటర్‌లోనే దొరుకుతుంది. ముజోకో అనే సిమ్యులేటర్‌కు ఒకప్పుడు లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చేది. 2021లో డీప్‌మైండ్ దాన్ని కొని ఉచితం చేసి, 2022లో సోర్స్ కోడ్‌ను కూడా బయటపెట్టింది. డబ్బు లేని ల్యాబ్‌లోని విద్యార్థికి ఇటీవలి కాలంలో దక్కిన పెద్ద వరాల్లో ఇదొకటి. అయితే సిమ్యులేటర్‌లో ఘర్షణ, తాకిడి, కేబుళ్ల లాగుడు, గేర్లలోని సడలింపు అచ్చంగా దిగవు. అక్కడ ఆరితేరిన పద్ధతి నిజమైన బల్ల మీద తడబడుతుంది. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: నిజమైన రోబో మీద చేసి చూశారా?

గత పదేళ్లలో ఈ పనికి ఇంకో రకం చాకిరీ తోడైంది. రోబోకు నియమాలు రాసే బదులు ఉదాహరణలు చూపి నేర్పే ధోరణి బలపడటంతో డేటా పోగుచేయడమే పరిశోధనలో సగమైంది. 2016లో గూగుల్ పరిశోధకులు 14 వరకు రోబో చేతులతో రెండు నెలల్లో 8 లక్షల సార్లు వస్తువులు పట్టించారు. అంత స్తోమత లేని విశ్వవిద్యాలయాలు చేతులు కలిపి చేసిన ప్రయత్నాల్లో 2024 నాటి డ్రాయిడ్ డేటాసెట్ ముఖ్యమైనది. మూడు ఖండాల్లో 50 మంది, 12 నెలల పాటు 76,000 ప్రదర్శనలు రికార్డు చేశారు. అంతా కలిపితే 350 గంటలు. సగటు తీస్తే ఏడాది మొత్తానికి ఒక్కొక్కరి వాటా పనికొచ్చే డేటా ఏడు గంటలు! రికార్డు చేసే మనిషి చేతిలో కంట్రోలర్ పట్టుకుని, తోలుబొమ్మను ఆడించినట్టు రోబోతో సొరుగు తెరిపించాలి, మూయించాలి, మళ్లీ తెరిపించాలి. డ్రాయిడ్ పేపర్‌లో రచయితల జాబితా చాంతాడంత ఉండటానికి కారణం ఈ చాకిరీకి పేరు దక్కాలనుకోవడమే కావచ్చు. అలా దక్కడం న్యాయం కూడా.

యువ పరిశోధకుల బతుకు వారెన్నడూ చూడని కంపెనీల జమాఖర్చులతోనూ ముడిపడి ఉంటుంది. రాస్‌ను పెంచి పోషించిన విల్లో గరాజ్ సంస్థ 2010లో తన పీఆర్2 రోబోలను 11 సంస్థలకు ఉచితంగా ఇచ్చింది. విడిగా కొంటే ధర 4 లక్షల డాలర్లు. 2014 నాటికి ఆ సంస్థే మూతపడింది. రాడ్నీ బ్రూక్స్ స్థాపించిన రీథింక్ రోబోటిక్స్ తయారుచేసిన బాక్స్‌టర్ ఎన్నో ల్యాబ్‌లకు తొలి రోబో. 2018 అక్టోబరులో ఆ కంపెనీ తలుపులు మూసుకుంది. 2023లో ఫ్రాంకా కూడా దివాలా ప్రక్రియలోకి వెళ్లి, చివరికి ఎజైల్ రోబోట్స్ అనే మరో కంపెనీ చేతికి వచ్చింది. మూడో ఏడాది పీహెచ్‌డీలో ఉన్న విద్యార్థికి ఇలాంటి వార్త అంటే విడిభాగాలు దొరుకుతాయా, థీసిస్ మధ్యలో రోబో మార్చాల్సి వస్తుందా అన్న దిగులు.

భారతదేశంలో దీనికి కొనుగోలు నిబంధనలు తోడవుతాయి. 2025 జూన్ వరకు ప్రభుత్వ నిధులతో నడిచే ల్యాబ్‌లో ఒక మోటారు కాలిపోతే ఇండెంట్ పెట్టి, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో ఉందేమో చూసి, లేదని ధ్రువీకరణ తీసుకుని, కొటేషన్లు తెప్పించాల్సి వచ్చేది. బయటి దేశం నుంచి రావాల్సినదైతే కస్టమ్స్ సరేసరి. పరిశోధన సంస్థలు కొనే పరికరాలపై 5 శాతంగా ఉన్న రాయితీ జీఎస్‌టీని 2022 జులైలో ఎత్తివేయడంతో పన్ను చాలావాటిపై 18 శాతానికి చేరింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. పరిశోధనకు మినహాయింపు ఉంది కానీ, ఆ మినహాయింపు పొందడానికీ కాగితాలు నడవాలి. శాస్త్రవేత్తల మొర కొంత ఫలించి 2025 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష రూపాయల నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. శాస్త్రీయ పరికరాలను జెమ్ బయట కొనే అధికారం సంస్థల అధిపతులకు దక్కింది. మంచి అడుగే. ఎటొచ్చీ, ఆ కాగితాలు పట్టుకుని సెక్షన్ నుంచి సెక్షన్‌కు తిరిగేది మాత్రం ఇప్పటికీ పరిశోధక విద్యార్థే.

సడలింపులతో తీరని లోటు మనుషులది. విదేశాల్లోని పెద్ద ల్యాబ్‌లలో రోబోలను కనిపెట్టుకుని ఉండే శాశ్వత ఇంజినీర్లు, టెక్నీషియన్లు ఉంటారు. విద్యార్థులు మారినా యంత్రం గుట్టుమట్లు తెలిసినవారు అక్కడే ఉంటారు. మన సంస్థల్లో సాంకేతిక సిబ్బంది పోస్టులు అరుదు. ఉన్నవాటిలోనూ వర్క్‌షాపు లేత్ యంత్రానికి మనిషి దొరుకుతారు కానీ రియల్‌టైమ్ కెర్నెల్ తెలిసినవారు దొరకరు. ఫలితంగా ప్రతి కొత్త బ్యాచ్ పాత బ్యాచ్ నేర్చుకున్నదంతా ఓనమాల నుంచి దిద్దుకుంటుంది. మన ల్యాబ్‌లకు మరో రోబో కన్నా దాన్ని పదేళ్ల పాటు చూసుకునే ఒక ఇంజినీర్ అవసరం ఎక్కువ. అయితే రోబో రాకకు రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగొచ్చు. ఇంజినీర్ జీతానికి అలాంటి వేడుక ఉండదు.

కొనుగోళ్లలోనూ తిరిగి నేర్చుకోవడంలోనూ జరిగే ఈ కాలయాపన భారం చివరికి పడేది ఫెలోషిప్ గడువు మీద. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు. ఇంటద్దె భత్యం అదనం. రెండూ కలిపి ఐదేళ్లు. ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్ దక్కిన కొద్దిమందికి నెలకు 70,000 నుంచి 80,000 వరకు, దాంతోపాటు ఏటా 2 లక్షల పరిశోధన నిధి ఉంటాయి. ఒకే ల్యాబ్‌లో, ఒకే రోబో మీద పనిచేసే ఇద్దరి మధ్య దాదాపు రెట్టింపు తేడా! దిగుమతి ఆలస్యమైతే ఐదేళ్లలో ఆరు నెలలు ఇట్టే హరించుకుపోతాయి. గడువు దాటాక స్టైపెండ్ ఆగుతుంది కానీ థీసిస్ ఆగదు. బీటెక్ కాగానే సాఫ్ట్‌వేర్‌లో చేరిన తోటివారి జీతాలు పండగకు ఇంటికెళ్లినప్పుడు చర్చకు వస్తాయి. ఎప్పుడు స్థిరపడతావన్న ప్రశ్న తెలుగు ఇళ్లలో ఎలాగూ తప్పదు.

పరిశోధన ఏడాది పొడవునా సాగినా దాని క్యాలెండర్‌ను శాసించేవి రెండు అంతర్జాతీయ రోబోటిక్స్ సమావేశాలు: ఇక్రా, ఐరోస్. ఇక్రాకు సెప్టెంబరు మధ్యలో పేపర్ పంపాలి, జనవరి చివర ఫలితం తెలుస్తుంది, మే-జూన్‌లో సమావేశం జరుగుతుంది. ఐరోస్‌కు మార్చి మొదట్లో పంపితే అక్టోబరు ప్రాంతంలో సమావేశం. ఇటీవల ఇక్రాకు నాలుగు వేల చుట్టుపక్కల పేపర్లు వస్తున్నాయి, సగానికి పైగా వెనక్కి వెళుతున్నాయి. పంపేది కొద్ది పుటలే. అందులో యంత్రాన్ని దారికి తెచ్చిన కథకు చోటుండదు. విఫలమైన పద్ధతులకూ ఉండదు. కాబట్టి అవే వైఫల్యాలను వేరే ఊళ్లో వేరే విద్యార్థి తిరిగి కొని తెచ్చుకుంటాడు.

పేపర్ ఒప్పుకున్నా వెళ్లి చెప్పుకోవడం ఇంకో ఎత్తు. 2023లో లండన్, 2024లో యోకొహామా, 2025లో అట్లాంటా ఇక్రాకు వేదికలయ్యాయి. రిజిస్ట్రేషన్, విమానం, హోటల్ కలిపితే ఫెలో నెలజీతం కన్నా ఎన్నో రెట్లు. ప్రయాణ గ్రాంటు వచ్చినా చాలాసార్లు ముందు సొంత డబ్బు పెట్టుకుని బిల్లులు తర్వాత సమర్పించాలి. వీసా మరో గండం. 2022 చివర్లో మన దేశంలో అమెరికా సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం నిరీక్షణ ఏడాది దాటింది. పేపర్ అంగీకారానికీ సమావేశానికీ మధ్య ఉండేది నాలుగు నెలలు. ఈ దూరాభారం తగ్గించేలా రోబోటిక్స్ సొసైటీ 2013 నుంచి దేశంలోనే రెండేళ్లకోసారి అడ్వాన్సెస్ ఇన్ రోబోటిక్స్ సమావేశం నడుపుతోంది. నియామక కమిటీలు దానికి కూడా తగిన విలువ ఇస్తే యువతకు ఊరట.

కనిపించని పనిని కనిపించేలా చేయొచ్చని చూపిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. ఐరోపా రోడ్ల చిత్రాలతో శిక్షణ పొందిన వాహనం మన రోడ్డెక్కితే ఆటోరిక్షాను గుర్తుపట్టదు, తారు ఎక్కడ ముగిసి మట్టి ఎక్కడ మొదలైందో తేల్చుకోలేదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు, ఆ నగరాల శివార్లలో 182 డ్రైవ్‌లలో తీసిన దృశ్యాల నుంచి 10,004 చిత్రాలు ఎంచి, ప్రతి పిక్సెల్‌కూ పేరు పెట్టి, 34 తరగతులుగా విడగొట్టి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌గా విడుదల చేశారు. బొమ్మలో ఆటో అంచు వెంట గీత గీయడం వంటి విసుగు పుట్టించే పనే ఇక్కడ పరిశోధన ఫలితమైంది, పేపరైంది, ఇతర దేశాలవారికీ పనికొచ్చింది. డేటాసెట్, నడిచే కోడ్, మరొకరు తయారుచేసుకోగల హార్డ్‌వేర్ డిజైన్‌లను థీసిస్‌లో అధ్యాయాలుగా గుర్తించడానికి విశ్వవిద్యాలయాలకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

పరికరాల కొరత కూడా పంచుకుంటే కొంత తీరుతుంది. 2018లో 3,660 కోట్ల రూపాయలతో మంజూరైన సైబర్-ఫిజికల్ సిస్టమ్స్ మిషన్ కింద దేశంలో 25 హబ్‌లు ఏర్పాటయ్యాయి. వాటిలో ఒకటైన తిహాన్ సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. డ్రైవర్ లేని వాహనాలను, డ్రోన్లను పరీక్షించే ప్రాంగణం అక్కడ 2022 జులైలో ప్రారంభమైంది. సొంత ట్రాక్ కట్టుకోలేని ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులకు ఇలాంటి చోట ఎంత తేలిగ్గా ప్రవేశం దొరికితే ఈ ఖర్చుకు అంత సార్థకత.

పీహెచ్‌డీ తర్వాత దారులు మూడు. మొదటిది పరిశ్రమ. 2022లో రిలయన్స్ 54 శాతం వాటా కొన్న నోయిడా కంపెనీ యాడ్‌వెర్బ్ లాంటివి గిడ్డంగి రోబోలతో ఎదిగాయి. మ్యాన్‌హోళ్లు శుభ్రంచేసే బాండికూట్‌ను కేరళ యువ ఇంజినీర్లు తయారుచేశారు. ఇలాంటి చోట్ల నడిచే యంత్రానికే విలువ కనుక, ల్యాబ్‌లో లెక్కకు రాని నైపుణ్యం ఇక్కడ జీతంగా మారుతుంది. రెండోది విదేశాల్లో పోస్ట్‌డాక్. చిత్తూరు ప్రాంతంలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ బాట తెలుగు విద్యార్థులను ఇప్పటికీ ఊరిస్తోంది. కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమంటూ 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన తర్వాత అది ఇరుకైంది.

మూడోది అధ్యాపక ఉద్యోగం. చేరిన తొలి ఏడాది కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు దొరికేది ఖాళీ గది. కరెంటు లైన్లు, యూపీఎస్, తొలి టెండర్, తొలి విద్యార్థి... అన్నీ మళ్లీ మొదటి నుంచి. అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రిసెర్చ్ గ్రాంటు మూడేళ్లకు 60 లక్షల రూపాయల వరకు ఉంటుంది. దాంతో ఒక మంచి రోబో చేయి కొనుక్కోవచ్చు, గ్రాంటు ఉన్నంత కాలం తాత్కాలిక సిబ్బందిని పెట్టుకోవచ్చు. మూడేళ్లు గడిచాక గ్రాంటు ముగుస్తుంది, ఆ సిబ్బంది వెళ్లిపోతారు, రోబో ఉంటుంది. దాన్ని చూసుకునే శాశ్వత పోస్టును మంజూరు చేయించే మార్గం ఏ ప్రాజెక్టు గ్రాంటులోనూ లేదు.